పదమూడు రేకులు

త్బిలిసిలో ఎండు వంతెన పక్కన
దుప్పటి పరిచి పాత లెన్సులు అమ్ముతాడు నూగ్జార్ తాత.
వంతెన కింద నీళ్లు లేవు, అందుకే ఆ పేరు.
ఆయన కోటుజేబుకి చిల్లు.
తెత్రి నాణేలు లోపలి గుడ్డలోకి జారి
నడిచినప్పుడల్లా గలగలమంటాయి.

పనిలో చేరిన రోజు
ఒక లెన్సు నా చేతిలో పెట్టి
"రింగు తిప్పు, ఏమైంది?" అన్నాడు.
"అంకె పెరిగింది, కన్నం చిన్నదైంది."
"అంకె పెరిగేకొద్దీ తగ్గేది
ఇంకెక్కడైనా చూశావా, ఎతేరీ?"
"కూపన్ల కాలంలో మా నాన్న జీతం" అన్నాను.
ముందుపళ్ల సందులోంచి
ఈల వేసినట్టు నవ్వాడు.

లోపల పదమూడు ఉక్కురేకులు,
చేప పొలుసుకన్నా పలచన.
పాత నూనె జిగురై ఒకదాన్నొకటి వదలవు.
పెట్రోలులో కడిగి, పట్టకారుతో
ఒక్కొక్కటీ పేర్చాలి.
పదమూడోది మొదటిదాని కిందికి దూరాలి.
ఆ క్షణం ఊపిరి వదిలావా,
పన్నెండూ ఎగిరిపోతాయి.
"ముందు ఊపిరి బిగబట్టడం నేర్చుకో" అనేవాడు,
"చూపు తర్వాత వస్తుంది."

మధ్యాహ్నాలు ద్రాక్షపందిరి కింద తిండి.
రొట్టె మీద, ఉప్పుజున్ను మీద
గుండ్రటి ఎండబిళ్లలు.
ఆకుల సందులు గుండ్రంగా లేవు కదా, అంటే
"అవి సందులు కావు, సూర్యుళ్లు" అన్నాడు నములుతూ.
నమ్మలేదు.
గ్రహణం రోజు నమ్మాను.
లమారా బామ్మ తెల్లటి బల్లగుడ్డ నిండా
వందల నెలవంకలు,
ఎవరో కొరికి వదిలిన రొట్టెల్లా.
ఆ పూట ఆవిడ గుడ్డ దులపలేదు.

ఆకుకీ అడుగున నోళ్లుంటాయి.
ఎండ ముదిరితే నీటిని పోనివ్వక మూసుకుంటాయి.
సముద్రంలో ఓ గవ్వజీవి ఉందట,
కంటికి అద్దం లేదు, వట్టి బెజ్జమే.
ఉప్పునీరు లోపలికొచ్చి, చూసుకుని, వెళ్లిపోతుంది.

జురాబ్ అని ఒకాయన బేరానికి వస్తాడు,
స్వనేతి కొండలు ఎంత జారుతున్నాయో
ఉపగ్రహంలోంచి లెక్కగట్టే మనిషి.
"మా యాంటెన్నా ఈ బల్లంత కూడా లేదు" అన్నాడు,
"కానీ ఎగిరినంత దూరమూ విన్నది దాచుకుంటుంది,
చివర్లో అన్నీ కలిపి చూస్తే
నడిచిన దారంతా ఒక్క కన్ను."
తాత తన చెప్పుల వంక చూసుకున్నాడు.
ధర ఐదు లారీలు తగ్గించాడు.

మొన్న కంటాసుపత్రిలో చుక్కలు వేశారు.
పాప పూర్తిగా తెరుచుకుంది,
తిప్పి మూద్దామంటే రింగు లేదు.
సాయంత్రం గోడలు మండుతున్నట్టున్నాయట,
దగ్గరివన్నీ అలికేసినట్టు.
"లమారా, నీకు ఇరవయ్యేళ్లు" అన్నాడు.
"మందు దిగాక చెప్పు" అంది ఆవిడ, వంకాయలు తరుగుతూ.

అప్పుడే ఆ గదిలోకి తీసుకెళ్లి
ఎప్పుడూ చెప్పనిది చెప్పాడు.
వీధిలో కాల్పులు జరిగిన ఆ చలికాలం
కిటికీ చెక్కలోంచి గుండు దూసుకొచ్చి
అలమరలో పింగాణీ పగలగొట్టింది.
కరెంటు లేదు.
ఇద్దరూ మంచం కింద.
పొద్దెక్కాక తల ఎత్తితే
ఎదురుగోడ మీద వీధి
తలకిందులుగా.
మంచు కింద ఆకాశం.
తుపాకి పట్టుకున్న కుర్రాడొకడు
కప్పుకి వేలాడుతూ పరిగెత్తాడు,
చప్పుడు లేకుండా,
రంగుల్లో,
మెడకి ఎర్రటి మఫ్లరు కూడా.
ఆవిడ గుడ్డ కుక్కబోతే
"ఆగు, వాడు మలుపు దాటనీ" అన్నాడట.

"దాటాడా?" అన్నాను.

చెక్క ఇప్పటికీ మార్చలేదు.
చలికాలం ఆ కన్నంలో ఆవిడ ఉన్ని కుక్కుతుంది.
మంచు కరగ్గానే
ఆయన లాగేస్తాడు.