మెట్లూ వాలూ

వల్పరైసోలో ఏ ఇంటికైనా రెండు దారులు.
మోకాళ్లు అరగదీసే మెట్లు,
లేదంటే నా పెట్టె.
ఇనుపతాడు కట్టిన చెక్కపెట్టెని
రోజుకి డెబ్భైసార్లు కొండెక్కించి దించడం నా ఉద్యోగం.
మీట నొక్కుతాను, కింద ఓడరేవు చిన్నదవుతుంది,
మళ్లీ నొక్కుతాను, పెద్దదవుతుంది.

మధ్యాహ్నం మూడు దాటితే ఈగ కూడా ఎక్కదు.
ఆ ఖాళీలో పుట్టింది ఇది,
బోల్డో టీ ఆకు అయిపోయిన రేకుడబ్బాలో.

"నీ ఫోనులో పాట లేదు, ఈమేనా,
ఉన్నవి అంకెలే" అన్నాడు
రేడియోలు బాగుచేసే గుమెర్సిందో.
"సెకనుకి నలభై నాలుగు వేల నూరు మెట్లు.
చెవి మెట్లెక్కలేదమ్మా. దానికి వాలు కావాలి."
గోరంత నల్లచిప్పుని నా అరచేతిలో పెట్టి
మెట్లని వాలు చేసేది ఇదేనన్నాడు.
నవ్వొచ్చింది నాకు.
ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్నదేమిటి మరి?

దానికి ఇరవై ఎనిమిది కాళ్లు. అచ్చం జెర్రిపిల్ల.
కాలికీ కాలికీ నడుమ వెంట్రుక దూరదు.
మొదటిదాన్ని కాల్చేశాను.
రెండోదాన్ని, మూలనున్న చుక్క చూసుకోక
తలకిందులుగా అతికించాను.
మూడోదానికి ఊపిరి బిగబట్టాను.
తగరం కరిగి, ఒక్కసారి మెరిసి,
ఎవరి కాలి దగ్గరికి వాళ్లు సర్దుకున్నట్టు
దానంతటదే విడిపోయింది.
పెట్టె నిండా రోసిను పొగ.
చేపలబుట్టతో ఎక్కినావిడ ముక్కు ఎగబీల్చి
"ఎవరు పోయారు?" అంది.

పాత ఫోను బ్యాటరీ, తమ్ముడి కొడుకు పారేసిన హెడ్‌ఫోన్లు.
చిరిగిన చెవిదిండ్లకి నా మేజోడు కత్తిరించి కుట్టాను.
మొదట వినాల్సింది ఏదో ముందే తెలుసు:
చిలోయె దీవి నుంచి ఎదెల్మీరా అత్త
అకార్డియన్ వాయించి పంపిన ముక్క.

వాయించింది. నిజంగానే,
వేళ్లు మీటల మీద దిగే చప్పుడుతో సహా.
కానీ వెనకాల, సుయ్యిమని, సన్నగా,
చెవిలో జోరీగ.

ఇక నిద్ర లేదు.
కెపాసిటర్లు మార్చాను,
గ్రౌండు తీగలన్నీ ఒక్కచోటికి తెచ్చి ముడేశాను,
రాగిరేకు చుట్టాను.
పెట్టెని లాగే మోటారుదే పాపమని
సెలవురోజున కొండ కొసకి నడిచివెళ్లి విన్నాను.
అక్కడా అదే సొద.

గుమెర్సిందో డబ్బాని తన స్కోపుకి తగిలించాడు.
తెర మీద పచ్చగీత
గాలిలేని పూట సముద్రంలా పడుకుంది.
"నీ డబ్బా నోరెత్తట్లేదు" అన్నాడు.
"మాట్లాడుతున్నది ఇంకెవరో, చూసుకో."

రాత్రి దీపం ఆర్పి మళ్లీ పెట్టాను.
అకార్డియన్ ఆగింది.
అత్త దగ్గింది, కుర్చీ కిర్రుమంది.
సొద మాత్రం ఆగలేదు.
ఒకచోట చిక్కబడి, ఒకచోట పలచబడి,
చివరికి చుక్కలుగా విడిపోయి
టప్, టప్, టటప్ మని
దేని మీదో పడింది.

జింకు రేకు మీద.

తెల్లారకుండానే ఫోను చేశాను.
"అత్తా, ఇది వాయించిన రోజు వాన పడిందా?"
"ఇక్కడ పడనిదెప్పుడే పిచ్చిదానా," అంది,
"ఇంతకీ నా పాట ఎలా ఉంది?"

ఏం చెప్పను,
మూడు వారాలు నీ ఇంటి వానని
పక్కపిన్నుతో గోకి తీసెయ్యాలని చూశానని?

ఇక్కడ ఈ ఏడు చినుకు రాలలేదు.
నిన్న బడిపిల్లవాడొకడు, ఏం వింటున్నావంటే
హెడ్‌ఫోన్లు తీసి వాడి తలకి తగిలించాను.
వాడు పాట గురించి ఏమీ అనలేదు.
తలెత్తి, చెక్కపెట్టె కప్పు వంక అనుమానంగా చూసి
బడిసంచిని కోటు కిందికి లాక్కున్నాడు.

డబ్బా మూత ఇంకా సరిగ్గా పట్టదు.
ప్రస్తుతానికి రబ్బరుబ్యాండు వేశాను.