కాటా మనిషి

సాన్ లొరెన్సో రేవులో
లారీలు తూస్తాను నేను.
సోయా గింజలతో వచ్చిన బండి ఒక అంకె,
దులుపుకుని వెళ్ళేటప్పుడు ఇంకో అంకె,
మధ్యలో ఉన్నదే సరుకు.
ముప్పయ్యేళ్ళుగా ఈ తీసివేత తప్ప
వేరే లెక్క ఎరగను.

రేవు కాటాకి ఇరవై కిలోల లోపు చూపు ఆనదు.
నేను లావెక్కినా చిక్కినా దానికి పట్టదు.
అందుకని నియేవెస్ స్నానాల గదిలో
చిన్న కాటా తెచ్చి పెట్టింది.

సోమవారం తొంభై మూడున్నర.
శుక్రవారం తొంభై రెండుకి ఒక పిసరు తక్కువ.

ఆ అయిదు రోజులూ బుద్ధిమంతుణ్ణే:
ఇనుప నిచ్చెన ఎక్కి, గింజల్లోకి గొట్టం దించి,
దిగి, మళ్ళీ ఎక్కి,
మధ్యాహ్నం ఉడికిన కోడి ముక్క, ఒక ఆపిల్.
శనివారం పొద్దున్నే ఎవరో గేటు తీసేస్తారు.
బేకరీ పొట్లం, రాత్రికి పిజ్జా.
ఆదివారం పదింటికల్లా
మా బావమరిది అమిల్కార్ బొగ్గు రాజేస్తాడు.
పక్కటెముకలు, సాసేజీలు, కరకరలాడే పేగులు,
సోడా కలిపిన వైను,
ఆపైన, మా దగ్గర ఐస్‌క్రీం కూడా
కిలోల లెక్కనే అమ్ముతారు.
ఆ రోజు నేను నడిచిందల్లా
సోఫా నుంచి ఫ్రిజ్ దాకా,
అదీ ఆట విరామంలో.

డాక్టర్ జనీనా కాగితం మీద గీత గీసింది.
రంపం పళ్ళలా ఉంది.
"పళ్ళు సరే," అంది, "రంపమే మెల్లగా పైకి జరుగుతోంది, చూశారా?"

ఒక ఆదివారం మానేశాను.
పరానా ఒడ్డున నాలుగు కిలోమీటర్లు,
టీ రంగు నీళ్ళు, దూరంగా పడవల బారు.
గాలి మారినప్పుడల్లా
ఎవరి పెరట్లోంచో పొగ నన్ను పేరు పెట్టి పిలిచింది.
సోమవారం అంకె తగ్గింది.
కానీ అమిల్కార్ నా కుర్చీ తీయలేదట,
నా ముక్క మీద గుడ్డ కప్పి
సాయంత్రం దాకా ఈగలు తోలాడట.
అది ఏ గడిలో రాయను?

ఇప్పుడు బొగ్గు సంచీ మేమిద్దరం మోసుకొస్తాం,
తొమ్మిది వీధులు, కాలినడకన.
వాడు అడుగడుక్కీ డాక్టర్ని తిడతాడు.
ఎముకలు రెండుకి ఒకటి.
ఐస్‌క్రీం అరకిలో.

నిన్న దుకాణంలో పిల్ల చేయి జారి
ఆరువందల ముప్పై దాకా వేసింది.
కాటా మనిషిని కదా, చూశాను.
ఆ పిల్లా నన్ను చూసింది.
ఇద్దరం ఏమీ అనుకోలేదు.