పోని మార్కరు

కువైట్, షర్ఖ్‌లో పదకొండో అంతస్తు.
అద్దం అవతల సముద్రం, దుమ్ము పట్టి
తెలుపో బూడిదో తేలని రంగులో.
ఇవతల బోర్డు.

"ఈ చెట్టుని తలకిందులు చెయ్యండి" అన్నాడు
ఈజిప్టు మేనేజరు, వాచీ విప్పి బల్ల మీద పెట్టి.

మా చదువులో చెట్టుకి వేరు పైనే ఉంటుంది,
ఆకులు కింద వేలాడతాయి.
తలకిందులన్నది పేరుకే.
కుడి కొమ్మ ఎడమకి, ఎడమది కుడికి,
అద్దంలో చూసుకున్నట్టు.

తొమ్మిదేళ్ళుగా జీతాల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను.
నెలాఖరున నాలుగు వేలమంది ఖాతాల్లో దినార్లు పడ్డాయంటే
అందులో నా చెయ్యుంది.
ఒక్క చెట్టునీ తిప్పలేదు.
ఈ మాట పైకి అనలేదు.
అకామా మార్పుకి పద్దెనిమిది రోజులుంది.

చెయ్యెత్తి రాయడం ఎప్పుడు మానేశానో,
వరుస వరుసా కిందికి జారుతోంది.
మూడో వరుసలో తప్పు:
కొమ్మ లేనిచోట ఆగమని రాయలేదు.
ఆగమనకపోతే అది ఆగదు,
లేని కొమ్మలోంచి
దాని కింద లేని కొమ్మలోకి
దిగుతూనే ఉంటుంది.

డస్టర్ తీసి తుడిచాను. పోలేదు.
మధ్యవేలు తడిచేసి రుద్దాను.
అయ్యో.
పర్మనెంటు మార్కరు.

ముగ్గురూ మర్యాదగా ఫోన్లలోకి చూశారు.

టీ తెచ్చినతను ట్రే ఒక చేత్తో పట్టుకునే
ఇంకో మార్కరు, మామూలుది, అందుకుని
నా తప్పు మీద నా తప్పునే దిద్దాడు,
ఒక్కో గీతా, ఒక్కో చుక్కా,
పలక మీద పిల్లాడిలా నాలిక పంటికింద పెట్టి.
తుడిచాడు.
రెండూ పోయాయి.

"దాని మిందనే రాసి తుడ్సాలక్కా" అన్నాడు.
రాయచోటి యాస.
నా 'అయ్యో' విన్నట్టున్నాడు.

ఏమన్నాడని మేనేజరు అడిగాడు.
ఇంగ్లీషులో చెబితే అది ఉత్త చిట్కాలా వినిపించింది.
ఆగాల్సిన వరుస రాశాను. చెట్టు తిరిగింది.
కబురు చేస్తామన్నారు.

లిఫ్టు దగ్గర ఖాళీ కప్పులతో మళ్ళీ అతనే.
పేరు దస్తగిరి.
"పొద్దున్నించీ నువ్వు నాలుగో మనిషివి.
ఆ మార్కరు పారేస్తానంటే వొద్దంటారక్కా,
ఆడ్నే పెట్టమంటారు."

ఎందుకని అడగబోయాను.
తలుపులు మూసుకున్నాయి.

రాత్రి ఫర్వానియాలో అన్నం కలుపుతుంటే
మధ్యవేలు ఇంకా నల్లగానే ఉంది.