పదహారు గంటల గాలి

దూరం ఎంతని అడిగితే
గంటలు చెప్పాడు గుమాస్తా సుదర్శనం:
"మద్రాసు నించి కలకత్తాకి
రెండు గంటల ఇరవై నిమిషాలు, చెంగమ్మక్కా."
నేనడిగింది దూరం గదయ్యా?
"పైన అంతే. దూరాన్ని నిమిషాల్లోనే కొలుస్తారు."

మా ఇంటాయన సముద్రాన్ని బారల్లో కొలిచేవాడు,
తాడుకు కట్టిన సీసంగుండు జారవిడిచి.
నేను సంచుల్లో కొలుస్తాను.

తుమ్మలపెంట రొయ్యపిల్లల షెడ్డులో
పన్నెండేళ్లుగా నా పని ఇదే.
సంచిలో మూడో వంతు ఉప్పునీళ్లు, చల్లబరిచినవి.
చలికి పిల్ల మత్తుగా పడుంటుంది, తక్కువ పీలుస్తుంది.
జల్లెడ గంటెతో పిల్లలు,
కనురెప్ప వెంట్రుకంత ఒక్కోటి, ఒళ్లంతా కళ్లే.
దారిబత్తెం చిటికెడు మేత.
మిగతా రెండొంతులూ సిలిండరు గాలి.
మూతి మెలిపెట్టి, మడిచి, రెండు రబ్బర్లు.
వేలితో మీటితే
కాచిన తప్పెటలా పలకాలి సంచి.
మొద్దుగా పలికిందా, విప్పి మళ్లీ పట్టాలి.

అందులో పట్టేది పదహారు గంటల గాలి.
ఇక చూసుకోండి లెక్క:
సాయంత్రం ఐదుకి మస్తానయ్య వ్యాను కదిలితే
కావలి, నెల్లూరు, నాయుడుపేట, తడ...
నాలుగున్నర గంటలు రోడ్డు మింగుతుంది.
విమానాశ్రయంలో తూకం, కాగితాలు, సంతకాలు,
మనుషులు ఎక్కిందాకా పెట్టెలు కాసుకోనుండటం, మూడు.
ఎగరటం రెండూ ఇరవై.
దిగినాక గోదాములో ఒకటి.
ఆపైన ఆ దేశపు చెరువుగట్టు దాకా ఇంకో మూడు.
పద్నాలుగుకి పది నిమిషాలు తక్కువ.
మిగిలిన రెండు గంటల పది నిమిషాలే
నా కొంగున ముడేసుకున్న చిల్లర.

నాకు ఒకటే అర్థం కాదు.
దక్షిణానికి నాలుగున్నర గంటలు పోయి
విమానమెక్కిన పిల్లకాయలు
ఇరవై నిమిషాలకల్లా
మళ్లా మా షెడ్డు మీదగానే పోతారంట ఉత్తరానికి!
"ఈడ ఒక్క నిమిషం ఆపి ఎక్కించుకోగూడదా?"
సుదర్శనం పడీ పడీ నవ్వాడు.
నవ్వి, క్యాలెండరు వెనక గీత గీసి చూపించాడు.
గీసినాక నవ్వలేదు.

పోయిన మార్గశిరంలో కలకత్తా మీద మంచు.
విమానం దిగలేక పైనే తిరిగి తిరిగి
ఇంకేదో ఊళ్లో దిగిందంట.
తెల్లారి పదింటికి ఫోను మోగింది, హిందీలో.
సుదర్శనం తెలుగు చేసి చెప్పకముందే
నాకు తెలిసిపోయింది.
చచ్చిన రొయ్యపిల్ల తెల్లబడుతుంది,
సంచి అడుగున నూకల్లాగా.
నలభై పెట్టెలు.
జీతంలో కోత లేదు, ఎవరూ ఒక్క మాటా అనలేదు.
ఆ రోజు నించీ గొట్టం దగ్గర
మూడంకెలు ఎక్కువ లెక్కపెట్టిగాని చెయ్యి తియ్యను.
సిలిండర్లు తొందరగా అయిపోతున్నాయని
మేనేజరు గొణుగుతాడు. గొణగనీ.

రాత్రి పన్నెండున్నర దాటాక
తొట్లకి నీళ్లు మార్చే వేళ బయటికొస్తాను.
సరుగుడు చెట్ల పైన
ఎర్రగా ఒక చుక్క, ఆరతా వెలగతా.
అందులో మనుషులు నిద్రపోతుంటారు,
కాళ్ల కింద ఎవరున్నారో వాళ్లకి తెలీదు.
ఇంకా ఎనిమిది గంటల పది నిమిషాలుంది పిల్లకాయలకి.

చుక్క సముద్రం మీదికి ఒరిగిపోతుంది.
నేను లోపలికొచ్చి
రేపటికని పెట్టిన ఖాళీ సంచి ఒకటి
ఊది, మూతి బిగించి,
వేలితో మీటి చూస్తాను.