రెడ్ ఆక్సైడ్

ముప్పై ఒక్క ఏళ్ళు
షిప్‌యార్డు డ్రై డాకులో
ఓడల పొట్టల కింద వెల్లకిలా పడుకుని
చిప్పింగ్ సుత్తితో తుప్పు రాల్చాను.
సాయంత్రం ముక్కు చీదితే ఇటుక పొడి.
గీకిన చోట వెంటనే రెడ్ ఆక్సైడ్ పుయ్యాలి,
ఒక్క రాత్రి వదిలేస్తే
తెల్లారేసరికి ఉప్పుగాలి వచ్చి
సంతకం పెట్టేసి పోయేది.

ఇంటి దగ్గరా అదే.
మల్కాపురంలో మా కిటికీ ఊచలు
ఏడాదికోసారి నా చేత గోకించుకుంటాయి.
గేటు గెడ, సైకిలు చైను, పారమ్మ కుట్టుమిషను పాదం,
ఈ ఊళ్ళో ఇనుమై పుడితే ఎవరికైనా తప్పదు.

మనిషికీ పడుతుందని మాత్రం
అరవై రెండో ఏట చెప్పింది
పెద్దాసుపత్రిలో ఓ పిల్ల డాక్టరు, రిపోర్టు తిరగేస్తూ.
"పీల్చే గాలే తాతా,
లోపల కొంచెం కొంచెంగా కొరుకుతుంటుంది.
ఆకుల్లో కాయల్లో దాన్ని అడ్డుకునేవి ఉన్నాయి,
యాంటీఆక్సిడెంట్లంటారు.
రంగు రంగులవి తిను. మాత్రలు మానకు. బీడీ మానెయ్."

బస్సులో ఆ మాట రెండుసార్లు పలికి చూశాను.
కాన్వెంట్ జంక్షన్ దాటేసరికి
దానంతటదే విడిపోయింది:
యాంటీ. ఆక్సైడు.
ఓర్నీ,
ఇది మన డబ్బా మీది మాటే కదా!

చెబితే పారమ్మ నవ్వలేదు.
కత్తిపీట ముందు కూచుని వంకాయ కోస్తోంది.
ఒక ముక్క ఉప్పునీళ్ళలో వేసి
ఒకటి గట్టు మీద వదిలేసి
"బట్టలు మార్చుకుని రా" అంది.
వచ్చేసరికి గట్టు మీది ముక్క
మా ఊచల రంగులోకి దిగింది.
నీళ్ళలోది తెల్లగానే ఉంది.
"అరటిపువ్వు మజ్జిగలో ఎందుకేస్తాననుకున్నావు
ఇన్నాళ్ళూ? ముస్తాబుకా?"

ఇప్పుడు పొద్దున్నే రైతుబజారు.
సబ్బవరం నుంచి తొలి ఆటోలో దిగి
దేముడమ్మ గోనె విప్పుతుంది.
ఎర్ర తోటకూర, మునగాకు, పొన్నగంటి,
వేళ్ళకింకా మన్ను వదలని గోంగూర.
కార్తీకమైతే ఉసిరి.
నేరేడు తిన్న రోజు
పక్కింటి గుంటడిలా అద్దంలో నాలిక చాపి చూసుకుంటాను,
కోటింగు అంతటా సమానంగా పడిందా అని.

"ఏటి బావూ, రోజూ రంగులేరతావు, చీరలేటి ఇవి?"
"పెయింటర్నమ్మా."
"అయితే మా ఇంటికి సున్నమెయ్యి, కూర ఊరికే ఇస్తాను."

ఎంత పనిచేస్తుందో నాకు తెలీదు.
మా గేంగులో దాలయ్య ఆకుకూరల మనిషే,
బీడీ ముట్టి ఎరగడు,
యాభై నాలుక్కే పోయాడు.
ఆ మాట పారమ్మ దగ్గర ఎత్తను.
నా బీడీలు సగానికి తగ్గాయి,
మిగతా సగం సంగతి డాక్టరు పిల్లకి చెప్పలేదు.

తుప్పు ఆగదు.
ఆలస్యమవుతుంది.
ఆ ఆలస్యానికే కంపెనీ నాకు
నెలనెలా జీతమిచ్చింది, ఓటీతో సహా.

ఈవేళ గాలి సముద్రం వైపు నుంచే.
ఊచ మీద చెయ్యి పెడితే జిడ్డు, తడి.
లోపల గోంగూర పచ్చడికి
ఎండుమిరపకాయలు వేగుతున్నాయి, రెండుసార్లు తుమ్మాను.
"చల్లారిపోతంది, బేగి రా."
బ్రష్షు కిరసనాయిల్లో ముంచి
చేతులు కడుక్కోడానికి లేచాను.
రెండో కోటు రేపు.