గలిన్యోలా

పిట్టను చూపిస్తే జీతం ఇస్తారట.
చంపితే కాదు, చూపిస్తే.
కల్లు గీసే మా మామ ఎవరిస్తూ
ఆ మాట విని, చెట్టు దిగి మరీ నవ్వాడు.

సావో తోమే దీవికి దక్షిణపు కొస,
షుఫెషుఫె ఏటికి పైన
వాన వెలిసిందని ఎవరూ అనని అడవి.
అది ఉండేది అక్కడేనట, భూమ్మీద ఇంకెక్కడా లేదట.
నలభై ఏళ్ళొచ్చాక తెలిసింది నాకు.
కోడిలాగా
అన్ని దేశాల్లోనూ ఉంటుందనుకున్నాను.

మట్టిరంగు వీపు, కొడవలి ముక్కు.
ఉంగరం పారేసుకున్న మనిషిలా
బురద పొడుచుకుంటూ నడుస్తుంది.

"ఎన్ని మిగిలుంటాయి ఇడలేసియో?"
లిస్బన్ నుంచి వచ్చిన ఫిలిపా
తడిసిన నోట్‌బుక్కు తెరిచి అడిగింది.
నా దగ్గరున్నది వేరే లెక్క.
తూటా ఖరీదెంత, పిట్ట తూగేదెంత,
ఒక్క సాయంత్రం ఏడు,
నా పెళ్ళి విందుకు పదకొండు,
జుల్మీరా పుట్టినప్పుడు రెండు,
బాలింతకి బలమని, పులుసు పెట్టి.
"ఉన్నాయమ్మా" అన్నాను.

రెండో రోజు, మసక పడే వేళ
దోసిలి నోటికి అడ్డం పెట్టి పిలిచాను.
నాన్న నేర్పిన పిలుపు. తోడు తప్పిన పిట్ట గొంతు.
చాలాసేపు ఆకుల మీంచి నీళ్ళే రాలాయి.

తరవాత వచ్చాయి. రెండు.
జంటగానే పడుకుంటాయి, నాకు తెలుసు.
ఒకటి పడ్డాక రెండోది
ఎగిరిపోకుండా కూర్చుంటుంది, అదీ తెలుసు.
తల ఎత్తితే అందేంత కొమ్మ మీద
ఒకదాన్నొకటి ఒరుసుకుని సర్దుకున్నాయి.

ఆవిడ ఊపిరి తీయడం మానేసింది.
నా కుడి భుజం మాత్రం
లేని తుపాకీ కోసం తనంత తానే లేచింది.
చెయ్యి జేబులో కుక్కుకున్నాను.
జేబులో పొద్దుటి సీమపనస ముక్క,
చల్లారి, గట్టిపడి.
దాన్నే పట్టుకుని నిలబడ్డాను.

ఇంటికొచ్చేసరికి జుల్మీరా మేలుకునే ఉంది.
చూశావా? ఎట్లా అరుస్తుంది? టీచరు అడగమంది.
పొయ్యి దగ్గర కూర్చుని
మెల్లిగా, ఒక్కసారే, పిలిచాను.

పిల్ల నవ్వింది.
మూల పడుకున్న ముసలి కుక్క
దిగ్గున లేచి గుమ్మంలోకి ఉరికింది.
చీకటి వైపు చెవులు రిక్కించి
ఆ తరవాతి చప్పుడు కోసం
నా వంక తిరిగి చూసింది.