పదిహేను కిలోలు

ఆ పెట్టె మూయబాక, ఖాజా.
ఇంకోసారి విప్పు.
బోరింగు సామాన్ల కొట్లో పాత కాటా ఉండాది,
దాని మీద పెట్టి చూడు.
పదిహేను కిలోలంటే పదిహేనే.
కృష్ణపట్నం రేవులో ఓడెక్కేకాడ
ఆ తెల్లచొక్కా ఆయన మన మొహం చూడడు,
ముల్లె చూస్తాడు.

ముందా ఇస్త్రీ ప్యాంట్లు తియ్యి.
ఓడ సినిమాలో మాదిరే ఉంటది, కాదనను.
డెక్కు మీద కుర్చీలు, రాత్రికి పాటలు,
ఈతకొట్టే తొట్టి, మూడు రకాల పాయసం.
కానీ పొద్దున ఆరింటికల్లా
నిన్ను చిన్న పడవలోకి దించుతారు.
మోకాటిదాకా బురదలో నడిచి
సాయంత్రానికి నువ్వూ ప్యాంటూ ఒకే రంగు.
రెండు లుంగీలు చాలు,
ఒకటి ఒంటి మీద, ఒకటి తీగ మీద.

గూడూరు నిమ్మకాయలు పెట్టుకో.
వాంతి రాకముందు వాసన చూడాల,
వచ్చినాక కాదు.
ఉలవపాడు సపోటాలు మాత్రం వద్దు,
మూడోనాటికి వాటిని నీ చొక్కాలే తింటాయి.
నా షుగరు మాత్రలు మా చెంగమ్మ రెండు చోట్ల పెట్టింది,
సంచిలో కొన్ని, జేబులో కొన్ని.
సంచి సముద్రంలో పడినా
మనిషి మిగలాల గదా, అంటది.

ఈ మూటేంది?
పాతబట్టలా?

మొదటిసారి నేనూ ఇట్టాగే పోయినా,
బడిగోడలకి సున్నం కొట్టే పనికి.
కావలిలో మా వీధంతా తిరిగి
చీరలు, పిల్లల గౌన్లు, గుండీల్లేని చొక్కాలు,
ఇరవై కిలోలు పోగుచేసి
అదనపు బరువుకి డబ్బులు కట్టి మరీ మోసినా.
ఆ దీవిలో ఒక ముసలామె,
పేరు ఇప్పటికీ నా నోరు తిరగదు,
మూట విప్పనిచ్చింది. ఓపిగ్గా చూసింది.
ఒక్క వాయిలు చీర తీసి, నాలుగు మడతలేసి
బిందె మూతికి కట్టింది, నీళ్లు వడగట్టను.
మిగతాది మళ్లీ మూటగట్టి
నా చేతికే ఇచ్చింది.

ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకి రాదు.
మణికట్టు పట్టుకుని పంపుకాడికి లాక్కుపోయి
పిడి పైకీ కిందికీ ఆడించింది.
గుటక్. గుటక్.
గాలి.

నలభై ఏళ్లుగా నాకు తెలిసిన భాష అది.
తోలు వాషరు అరిగింది.
అరచెయ్యంత ముక్క, అరవై రూపాయలు.
ట్రంకురోడ్డులో నా గల్లాపెట్టె కింద
డబ్బా నిండా ఉండాయి.
నా సంచిలో ఒక్కటీ లేదు.

ఆ రాత్రి కూడా ఓడలో పాటలు పెట్టినారు.
పాయసం ముట్టలేదని చెప్పను.
తిన్నా. రెండు గిన్నెలు తిన్నా.
నిద్ర మాత్రం పట్టలా.

అందుకే చెప్తుండా, ముందు అడగాల.
మనకి ఇయ్యాలనిపించింది కాదు,
ఏం పంపు, ఎంత లోతు,
పైపు ఎన్ని అంగుళాలు,
మనం వచ్చేసినాక విప్పి బిగించను
నేర్చుకునే పిల్లలెవరన్నా ఉండారా?
ఈసారి ఐదు నెలల ముందే అడిగించినా.
జవాబు రాను మూణ్ణెల్లు పట్టింది.
అందులో ఉండేది మూడే మాటలు:
వాషర్లు. రెంచీ. సుద్దముక్కలు.
సుద్దముక్కలు ఎందుకో నాకు తెలవదు.
ఎందుకని మళ్లీ అడగలా.
నాలుగు పెట్టెలు కొన్నా.

ఆ డబ్బా ఒరగనియ్యబాక!
ఆముదంలో నానుతుండాయి వాషర్లు.
ఎండిన తోలు నీళ్లు లాగదు, అబ్బయ్యా.
వాసనా? వస్తది.
పన్నెండు రోజులూ మన గదంతా అదే వాసన.
పక్క మంచాలోళ్లు తిడతారు.
తిట్టనీ.

ఇప్పుడు పెట్టు కాటా మీద.
పద్నాలుగున్నర.
ఆ అరకిలోకి నీ నల్లకళ్లద్దాలు పెట్టుకో పో,
ఎర్రచొక్కా కూడా పెట్టుకో.
డెక్కు మీద ఒక ఫోటో అన్నా దిగకపోతే
మీ అమ్మ నన్ను నిలదీస్తది.

తెల్లారి నాలుగున్నరకి నెల్లూరు బస్సు.
ఆ మూట ఆడనే వదిలెయ్,
రేపు చెంగమ్మ ఎవురిదాన్ని వాళ్లకి ఇచ్చొస్తది.